బండి తాళం అమ్మవారి దగ్గర ఉంది

బారిడీహ్, జంషెడ్‌పూర్
జూలై 20

తమ్ముడు పోలరాజుకు,

అమ్మవారు నిన్ను చల్లగా చూడాలి.

ఫోన్ చేస్తే నవ్వేసి తప్పించుకుంటున్నావు. కాగితం మీద నవ్వు వినబడదు. పైగా మాది రెండు గదుల ఇల్లు, నేను నిన్ను అడిగే ప్రతి మాటా నా కూతురు బిందు చెవిన పడుతుంది. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాసే జవాబివ్వు.

కాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పేదాకా నేల మీద మోపకు. ఉన్నది అత్తవారింట్లో. భార్యే కదా అని శ్రీదేవికి విసుగు తెప్పించకు.

నీ మోటార్ సైకిల్ మా వరండాలో ఉంది. మీ బావ సాక్చిలో బాగు చేయించి తెచ్చారు. బిందుప్రియకి గమ్హరియా ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. అక్టోబరు ఒకటో తారీఖున చేరాలి. పొద్దున్న ఆరింటి డ్యూటీ. ఆ వేళకి ఇక్కణ్ణుంచి ఆటోలు దొరకవు. మామయ్య బండి మీద వెళ్తానంటోంది. ఇచ్ఛాపురం వెళ్ళేముందు నువ్వే దానికి ఇచ్చేశావట.

నేను ఇంకా ఇవ్వలేదు. తాళం అమ్మవారి పటం ముందు పెట్టాను.

ఆ ఇంటర్వ్యూ నుంచి పిల్లని వెనక్కి తెస్తూనే కదా నువ్వు పడ్డావు. ఆ పొద్దున్న హ్యాండిల్‌కి అమ్మవారి ఎర్ర గుడ్డ నా చేత్తో కట్టి పంపాను. ఆవిడ చలవ వల్లే ప్రాణాలతో వచ్చారు. కానీ ఎలా పడ్డారో నాకు ఇంతవరకూ తెలియదు. అడిగినప్పుడల్లా నువ్వొకలా చెబుతున్నావు, బిందు ఒకలా చెబుతోంది.

ఎలా పడ్డావో రాయి. రోజూ బండి నడిపే మనిషి రోడ్డు మీద ఏం చూసుకోవాలో అదీ రాయి. రెండూ చదివాక తాళం సంగతి ఆలోచిస్తాను.

మీ అప్ప,
జగదాంబ


ఇచ్ఛాపురం
జూలై 31

అప్పకి,

నీ ఉత్తరం తెచ్చిచ్చి మా బావమరిది చినబాబు, "ఏటి బావా, కోర్టు నోటీసా?" అన్నాడు. చదివాక నాకూ అదే అనిపించింది.

కాలు మెరుగే. కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళొస్తున్నాను. మనశ్శాంతి సంగతి మాత్రం అడక్కు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో చేపల పులుసు వండితే తలకాయ నా కంచంలోనే పడేది. ఇప్పుడు చినబాబు కంచంలో పడుతోంది. నేను తాగి బండి నడిపానని శ్రీదేవి నమ్మకం. "తాగేవా నేదా? ఒక్క ముక్క సెప్పు" అని మొదటిరోజే నిలదీసింది. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే దాని లెక్క.

పడిన సంగతంటావా, వాన. మలుపు. రోడ్డు మీద ఇసుక. జారింది. అంతే.

ఇంక బిందుకి చెప్పాల్సినవి. నువ్వే దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించు. నేను చెబితే అన్నీ తెలుసన్నట్టు "హాఁ హాఁ, పతా హై మామయ్యా" అంటుంది.

బండి ఎక్కగానే, స్టార్ట్ చెయ్యకముందే, యాక్సిలేటర్ తిప్పి చెయ్యి వదిలెయ్యమను. అదంతట అదే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే ఆ రోజు నడిచే పొమ్మను. ఇది మాత్రం మర్చిపోకూడదు.

గాలి వారానికోసారి చూపించాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. బంకువాడు టైరు నొక్కి చూసి "చలేగా దీదీ" అంటాడు. చలేగా, నడిచిపోతుందిలే అన్నాడంటే గాలి లేదని అర్థం.

హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించకపోతే అది టోపీ. చున్నీ నడుముకి చుట్టి బిగించి కట్టుకోవాలి. వేలాడే చివర్ని చక్రం లాక్కుంటుంది.

సాక్చిలో ఆటో వెనకాల వెళ్ళేటప్పుడు ఆటోని చూడొద్దు. రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషిని చూడాలి. ఆటో బ్రేకు ఆ మనిషి చేతిలో ఉంటుంది.

వానలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టెయ్యకూడదు. రెండూ కలిపి, మెల్లగా, చాలా ముందునుంచే వెయ్యాలి. తొలకరి వాన మరీ మోసం. వేసవంతా రోడ్డు తాగిన నూనె, ఫ్యాక్టరీల దుమ్ము పైకి తేలిపోతాయి. టీ కొట్టు దగ్గర ఓ అరగంట ఆగితే ఎవరి పరువూ పోదు.

బావకి నమస్కారాలు. తాళం ఇచ్చెయ్యి అప్పా. అమ్మవారు బండి తోలదు కదా.

పోలరాజు


బారిడీహ్, జంషెడ్‌పూర్
ఆగస్టు 10

పోలరాజుకు,

నీ సలహాలు బాగున్నాయి. బిందుని కూర్చోబెట్టి చదివాను. ఆటో మాట దగ్గర నవ్వింది. యాక్సిలేటర్ మాట దగ్గర నవ్వలేదు. తల దించుకుని గోళ్ళు చూసుకుంది. గోళ్ళు చూసుకునే పిల్ల కాదది.

టైరులో గాలి గురించి అంత రాసినవాడివి, కాలు విరిగిన సంగతి ఒక్క లైనులో ముగించావు. తొలకరి వాన మోసమని, టీ కొట్టు దగ్గర ఆగాలని తెలిసినవాడివి, ఆ రోజు ఎందుకు ఆగలేదు?

శుక్రవారం అసిరయ్య వచ్చాడు. గుర్తుంది కదా, ఆదిత్యపూర్‌లో టిఫిన్ బండి పెట్టుకున్న మన సోంపేట మనిషి. ఆ రోజు మీ ఇద్దరినీ లేపి ఆసుపత్రికి చేర్చింది అతనే. కాఫీ ఇచ్చి అడిగాను.

"పడ్డాక పరిగెట్టి ఎల్లేనమ్మా, పడ్డం సూడ్నేదు" అన్నాడు. "గానీ పడకముందు బండి అరిసింది సూడండి. ఒకటే అరుపు. మూకుట్లో పూరీ మాడిపోతన్నా అటే సూత్తుండిపోనాను. ఎవుడో తాగి రేజు పెంచుతన్నాడనుకున్నాను. ఎల్లి సూత్తే మన పోలరాజు."

నాలిక కరుచుకుని, తరవాత ఆ మాట వెనక్కి తీసుకోబోయాడు.

ఇసుకలో జారే బండి అరవదు. మీ బావ బండి వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఆ మాత్రం తెలుసు.

అమ్మవారి ముందు నువ్వు తాగుడు మానేస్తానన్న రోజు నేను పక్కనే ఉన్నాను. కోపం లేదు. అడుగుతున్నాను. తాగావా?

మరొకటి. నేను కట్టిన ఎర్ర గుడ్డ బండితో పాటు తిరిగి రాలేదు. ఏమైంది?

జగదాంబ


ఇచ్ఛాపురం
ఆగస్టు 21

అప్పకి,

తాగాననుకుంటే అలాగే అనుకో. ఇక్కడ ఇల్లంతా అనుకుంటోంది, జంషెడ్‌పూర్‌లో నువ్వొక్కదానివీ అనుకుంటే నాకు కొత్తగా పోయేదేమీ లేదు. అసిరయ్యకి పూరీ మాడిన బాధ, అతని మాట పట్టుకోకు.

గుడ్డ పడినప్పుడు ఎక్కడో ఊడిపోయుంటుంది. నేను చూసుకునే స్థితిలో లేను.

బిందుకి ఇంకొన్ని గుర్తొచ్చాయి. రాసుకోమను.

ఫ్యాక్టరీ సైడింగుల దగ్గర రైలు పట్టాలు దాటేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, పట్టాలకి సూటిగా అడ్డం పడాలి. ఏటవాలుగా పోతే తడి పట్టా చక్రాన్ని పక్కకి లాగేస్తుంది. ట్రెయిలర్ లారీ ఎడమ పక్కకి ఎప్పుడూ దూరకూడదు. దాని అద్దంలో డ్రైవర్ మొహం మనకి కనబడకపోతే మనం వాడికి లేనట్టే. నీళ్ళు నిండిన గోతిలో తాను ముందు దిగకూడదు, ముందు వెళ్ళే బండి ఎంత దిగిందో చూడాలి. అవతలివాడు తప్పు చేస్తే చేశాడు. హారన్ కొట్టడం దేనికి, దారిచ్చెయ్యాలి. రోడ్డు మీద న్యాయం గెలిచినవాళ్ళు చాలామంది ఆసుపత్రిలోనే ఉన్నారు.

హ్యాండిల్‌కి సంచులు, టిఫిన్ డబ్బాలు తగిలించకూడదు. అక్కడ చెయ్యి తప్ప ఇంకేమీ ఉండకూడదు. యాక్సిలేటర్ వదిలి చూడమన్నాను కదా, అది రోజూ.

కుడిచేతి దగ్గర ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కితే ఇంజను ఆగిపోతుంది. ఇల్లు చేరాక బండిని తాళంతో కాకుండా ఆ బటన్‌తోనే ఆపమను. బొటనవేలికి దారి తెలియాలి. అలవాటు లేకపోతే అవసరం పడ్డ క్షణంలో అదక్కడ ఉందన్న సంగతే తోచదు.

ఉంటాను అప్పా. ఇక్కడ చవితి పందిళ్ళు మొదలయ్యాయి, చినబాబు చందాలకి తిరుగుతున్నాడు. నేను కర్ర వేసుకుని అరుగు మీద కూర్చుని పూజారిలా అందర్నీ దీవిస్తున్నాను.

పోలరాజు


బారిడీహ్, జంషెడ్‌పూర్
ఆగస్టు 30

పోలరాజుకు,

నువ్వు తాగలేదు.

తాగినవాడు తాగలేదని పదిసార్లు చెబుతాడు. నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. ఎవరినో వెనకేసుకొస్తున్నావు.

ఇసుకలో జారినవాడికి ఎర్ర బటన్‌తో పనేమిటి? ఇంజను ఆపడం తోచలేదని రాశావు. తోచనిది ఎవరికి? ఇన్నేళ్ళు నడిపిన నీకా, అగ్రికో మైదానంలో నీ దగ్గర కొత్తగా నేర్చుకున్న పిల్లకా? భయపడ్డ పిల్ల పిడికిలి బిగిస్తుంది. పిడికిలి బిగిస్తే బండి అరుస్తుంది. అసిరయ్య విన్నది అదే.

ఇంకో మాట. ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక బిందు చేతులు నేనే కడిగాను. ఎడమ చేతికి ఏమీ కాలేదు. కుడి అరచెయ్యి దోక్కుపోయి ఉంది. రక్తం కడిగేసినా ఎరుపు పోలేదు. ఆసుపత్రిలో ఏదో మందు రాశారనుకున్నాను. వెనక కూర్చున్న పిల్లకి ఎడమ చేతికి ఏమీ కాకుండా కుడి అరచెయ్యి మాత్రం ఎలా దోక్కుపోతుంది?

నిన్న అన్నం పెడుతూ అడిగాను.

"ఆ రోజు బండి ఎవరు నడిపేరే?"

"మామయ్యా హీ చలా రహే థే, అమ్మా."

"మామయ్యే నడిపేడని నా కళ్ళల్లోకి చూసి తెలుగులో చెప్పు."

కంచం ముందునుంచి లేచిపోయింది.

మీ బావ, "పోనీ ఇచ్చెయ్యి, పిల్ల ఉద్యోగం పోతుంది" అంటున్నారు. ఇవ్వకపోతే ఉద్యోగమే పోతుంది. ఇస్తే ఏం పోతుందో తేలాలి కదా. ఒకసారి చేతిలో బండి చెదిరిన పిల్ల, అది దాచిన పిల్ల, చీకటితో ట్రెయిలర్ల మధ్యకి వెళ్తుందంటే తల్లిగా నేను తాళం ఎలా ఇస్తాను?

బిందు నడపలేదని అమ్మవారి మీద ఒట్టు వేసి రాయి. అదే రోజు తాళం ఇచ్చేస్తాను.

జగదాంబ


ఇచ్ఛాపురం
సెప్టెంబరు 8

అప్పా,

బిందు నడపలేదు. నేనే నడిపాను. నా కాలి మీద ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు. అమ్మవారి మీద మాత్రం వెయ్యను. ఎందుకని అడక్కు.

నువ్వు చిన్నప్పుడూ ఇంతే. బెల్లం ముక్క ఎవరు తీశారో తేలేదాకా ఎవరికీ అన్నం పెట్టేదానివి కాదు. తీరా చూస్తే చీమలు. కొన్ని తేలకపోతేనే బాగుంటుందప్పా.

పిల్ల ఉద్యోగం పోగొట్టకు. ఇంక రాయను.

పోలరాజు


బారిడీహ్, జంషెడ్‌పూర్
సెప్టెంబరు 18

పోలరాజుకు,

అమ్మవారి మీద ఒట్టు వెయ్యనన్నావు. చదవగానే నా అనుమానం గట్టిపడింది. బిందుకి ఉద్యోగం వద్దని చెప్పెయ్యాలని నిర్ణయించుకున్నాను. విశ్వకర్మ పూజ అయ్యాక చెబుదామని ఆగాను. పండగపూట పిల్లని ఏడిపించడం దేనికని.

నిన్న పూజ. ఊరంతా బళ్ళు కడిగి దండలు వేశారు. నేనూ నీ బండి కడిగించి వరండా ముందు నిలబెట్టాను. తాళం ఇవ్వకపోయినా బండికి పూజ మానకూడదు కదా. బొట్లు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు హ్యాండిల్ మీద చల్లాను. తరవాత గుడి నుంచి తెచ్చిన కొత్త ఎర్ర గుడ్డ తీసి, ఎప్పుడూ కట్టే చోటే, కుడిచేతి పిడి మొదట్లో చుట్టి ముడి వేశాను.

బిందు పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడి ఉంది. పళ్ళెం చేతిలోంచి జారిపోయింది. "అమ్మా, మత్ బాంధో, కట్టకు" అంది. వెంటనే, "ఏం లేదు, కట్టు" అంది.

నేను దాని మొహం చూశాను. బండిని చూశాను. ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. యాక్సిలేటర్ తిప్పి చెయ్యి వదిలెయ్యాలి. అదంతట అదే వెనక్కి రావాలి.

తిప్పాను. తడిసిన గుడ్డ పిడితో పాటే తిరిగి సందులోకి దూరి బిగుసుకుంది. చెయ్యి వదిలేశాను.

వెనక్కి రాలేదు.

ముడి పట్టుకుని లాగాను. గుడ్డ ఊడి చేతిలోకి వచ్చింది. నా అరచెయ్యి చూసుకున్నాను. రంగు దిగి ఎర్రగా ఉంది. ఆ సాయంత్రం బిందు అరచెయ్యి ఉన్నట్టే.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. బిందు పక్కన కూర్చుని అంతా చెప్పింది. ఈసారి తెలుగులోనే చెప్పింది.

"పొద్దున్న బానే ఉందమ్మా. తిరిగొచ్చేటప్పుడు వానొచ్చింది. మామయ్య టీ కొట్టు కనబడింది ఆగుదామన్నారు. మలుపు దగ్గర యాక్సిలేటర్ వదిలేరు, బండి తగ్గలేదు. క్లచ్ పట్టేసేరు. ఇంజను ఒకటే అరుపు. నేను ఎనకనుంచి వొంగి గుడ్డ లాగేను, సగమే వచ్చింది. ఎదురుగా బడి పిల్లల ఆటో. మామయ్య బండిని కావాలనే పక్కకి పడేసేరు."

"మరి గుడ్డ?"

"ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వంతెన మీద నుంచి ఖర్కాయి నదిలో పడేసేను. మామయ్యే పడెయ్యమన్నారు. 'అప్పకి తెలిస్తే ఇంక ఏ దేవుడికీ దణ్ణం పెట్టనేదే. ఆవిడికి ఉన్నదల్లా అదే. నోరిప్పకు' అని ఒట్టు వేయించుకున్నారు."

ఆవిడ గుడ్డని నదిలో వేయించినవాడివి, ఆవిడ మీద ఒట్టెలా వేస్తావు? నిన్ను మందుకి అనుమానించాను. పిల్లని అబద్ధానికి అనుమానించాను. అందరి చేతులూ చూశాను. నా చెయ్యి చూసుకోలేదు.

ఒక్క మాట చెబుతాను, మనసులో పెట్టుకో. అమ్మవారి మీద నా నమ్మకం అంత పల్చని గుడ్డ కాదు, ఒక వానకి చిరిగిపోడానికి. ఈ పొద్దున్నా దీపం పెట్టాను. గుడ్డ ఆవిడది, ముడి నాది. ముడి ఎక్కడ వెయ్యాలో తెలుసుకోవలసింది నేను.

చున్నీ చక్రంలో పడుతుందని రాశావు. సంచీ, టిఫిన్ డబ్బా తగిలించొద్దని రాశావు. అసలు మాటకి అంత దగ్గరగా వచ్చి ఆగిపోయావు. ఇంకెప్పుడూ అలా ఆగకు. నేను తిప్పి చూడకపోతే నిన్న కట్టిన గుడ్డతోనే బిందు ఒకటో తారీఖున బయల్దేరేది. బిందు చూసుకునేదిలే అంటావు. చూసుకునేదే. గుమ్మం దాటాక విప్పేసి, సాయంత్రం మళ్ళీ కట్టుకుని వచ్చేది. ఒక్క రోజు మర్చిపోతే?

గుడ్డని పటానికి కట్టాను. తాళం బిందు చేతికి ఇచ్చాను.

నీ సలహాలన్నీ మీ బావ గోడకి అంటించారు. చివర నేనొకటి చేర్చాను. హ్యాండిల్‌కి ఏదీ కట్టకూడదు, ఎవరిచ్చినా, ఎందుకిచ్చినా.

శ్రీదేవికి వేరే ఉత్తరం రాశాను. అది దానికే. నువ్వు చదవనక్కర్లేదు.

మీ అప్ప,
జగదాంబ


ఇచ్ఛాపురం
అక్టోబరు 4

అప్పకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఒకటో తారీఖు పొద్దున్నే బిందు ఫోన్ చేసింది. "వదిలి చూశాను మామయ్యా. టక్కున వెనక్కొచ్చింది" అంది. వెనకాల నీ పూజ గంట వినబడింది.

శ్రీదేవి నీ ఉత్తరం చదివి పెట్లో పెట్టుకుంది. రెండు రోజులు గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టింది. ఇది మునుపటి కోపంలాగే ఉంది గానీ ఎవరి మీదో తెలియడం లేదు.

నిన్న చేపల పులుసు వండింది. తలకాయ తెచ్చి నా కంచంలో వేసింది.

చినబాబు, "ఏటప్పా ఇది, నా తలకాయేది?" అన్నాడు.

"ఇన్నాళ్ళు తిన్నావు కదరా, సాల్లే" అంది.

పోలరాజు